ఆందోళనకు గోలీలతో పాటు చెవి క్లిప్పు: చాలాకాలం వాడాక

వాడినవి ఇవి: బ్యాటరీతో నడిచే రెండు ఛానెళ్ల మామూలు టెన్స్ మిషన్ (నొప్పులకు చర్మం మీది నుంచి చిన్న కరెంటు పంపేది), దానికి తగిలించే చెవి క్లిప్పు (చెవికి వచ్చే వేగస్ నరం కొమ్మను తట్టడానికి), ఆందోళనకు రోజుకొక ఎస్సిటాలోప్రామ్ 10 ఎంజీ గోలీ, మొదట్లో మరీ అవసరమైనప్పుడు వెంటనే నెమ్మదింపజేసే మత్తు గోలీ క్లోనజెపామ్ 0.25 ఎంజీ. జబ్బు జనరలైజ్డ్ యాంగ్జైటీ, అంటే ప్రతిదానికీ అదేపనిగా ఆందోళన పడటం. హన్మకొండలో సైకియాట్రిస్టు దగ్గర చూపించుకుంటూ, మిషన్ సంగతి ఆయనకు చెప్పే వాడింది. తీర్పు ముందే చెప్తా. మిషన్ గోలీకి బదులు కాదు. గోలీ పని మొదలుపెట్టేదాకా గడవాల్సిన వారాల్లోనూ, తర్వాత క్లోనజెపామ్ తగ్గించుకునే రోజుల్లోనూ ఒంట్లో పుట్టే బుగులును కొంత దించుతుంది, అంతే. ఆ కొంతైనా నిజమో కాదో తేలాలంటే ఒక కట్టుబాటు తప్పదు: గోలీ డోసు మార్చినప్పుడు మిషన్ సెట్టింగులు, టైము మార్చొద్దు, అవి మార్చినప్పుడు గోలీ డోసు మార్చొద్దు.

ఎందుకంటే ఎస్సిటాలోప్రామ్ లాంటి గోలీలు పట్టు చూపించడానికి రెండు నుంచి ఆరు వారాలు తీసుకుంటాయి. మొదటి వారంలో కొందరికి దడ, వికారం, నిద్రలేమి ఇంకా పెరుగుతాయి కూడా. గోలీ, క్లిప్పు ఒకేరోజు మొదలుపెడితే పెరిగిన దడకు క్లిప్పును తిట్టుకుంటారు, నెల తర్వాత తగ్గిన రందికి అదే క్లిప్పుకు దండం పెడతారు. రెండూ తప్పే కావచ్చు. 2008లో మందులకు లొంగని ఆందోళన జబ్బుల మీద వేగస్ నరాన్ని (మెదడు నుంచి మెడ గుండా గుండె, కడుపు దాకా పోయేది) తట్టడానికి ఛాతీలో అమర్చే మిషన్‌తో ఒక చిన్న అధ్యయనం వచ్చింది, పదకొండు మందితో. అందులో కూడా మొదటి 12 వారాలు ఎవరి మందుల డోసూ కదపలేదు. పోల్చి చూసే గుంపు లేని అధ్యయనం కాబట్టి దాన్ని రుజువుగా పట్టుకోలేం కానీ, పద్ధతి మాత్రం ఇంట్లో వాడేవాళ్లు నేర్చుకోవాల్సిందే. అమర్చే మిషన్‌కు అమెరికాలో మందులు, పరికరాలకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ 1997లో మూర్ఛకు, 2005లో మందులకు లొంగని డిప్రెషన్‌కు అనుమతిచ్చింది. ఆందోళనకు కాదు. చెవి క్లిప్పు మీద జరిగినవి ఎక్కువగా చిన్న చిన్న ప్రయోగాలే.

కొనేటప్పుడు అందరూ తికమకపడేది ఒకటుంది. ఆన్‌లైన్‌లో 'చెవి ద్వారా కరెంటు' అని అమ్మేవి రెండు రకాలు. ఒకటి ఆల్ఫా-స్టిమ్ లాంటివి: రెండు చెవుల తమ్మెలకు రెండు క్లిప్పులు, 0.5 హెర్ట్జ్, 100 మైక్రో యాంపుల దగ్గర గంటసేపు. కరెంటు తల గుండా పోవాలన్నదే దాని ఉద్దేశం. రెండోది వేగస్ నరం కొమ్మను తట్టేది, టెన్స్‌కు క్లిప్పు తగిలించి చేసేది ఇదే: ఒకే చెవికి, 25 హెర్ట్జ్, కరెంటు మిల్లీ యాంపుల్లో. ఈ రెండో రకాన్ని మొదటి రకంలా, అంటే ఒక కొస ఎడమ చెవికి, ఇంకో కొస కుడి చెవికి పెట్టడం చాలా ప్రమాదం. టెన్స్ ఇచ్చే కరెంటు మైక్రో యాంపుల మిషన్ కంటే వందల రెట్లు ఎక్కువ ఉండొచ్చు. రెండు కొసలూ ఒకే చెవి మీదే ఉండాలి. టెన్స్‌తో వచ్చే పుస్తకంలో తలకు, మెడ ముందుభాగానికి పెట్టొద్దని రాసి ఉంటుంది కదా, చెవికి వాడటం ఆ హెచ్చరికను దాటి చేసే పనే. కాబట్టి మిషన్‌ను సంచిలో వేసుకుని డాక్టరు ముందు పెట్టి, సెట్టింగులు చూపించి, సరే అన్నాకే మొదలుపెట్టాలి. ఆయన వద్దంటే వద్దు.

క్లిప్పు పెట్టే చోటు కూడా అంతే ముఖ్యం. వేగస్ నరం కొమ్మ చేరేది చెవి రంధ్రం ముందున్న చిన్న మిట్టకూ, చెవి దొప్పలో పైగుంటకూ. తమ్మెకు ప్రధానంగా వచ్చేది మెడ నుంచి వచ్చే వేరే నరం. పరిశోధకులు ఉత్తుత్తి చికిత్సకు వాడుకునేది తమ్మెనే. అమ్మకపు బొమ్మల్లో చాలావాటిలో క్లిప్పు తమ్మె మీదే కనిపిస్తుంది. అలా పెట్టి నెలల తరబడి 'పనిచేయట్లేదు' అనుకునేవాళ్లు ఉంటారు. మామూలు క్లిప్పు ముందున్న మిట్టను పట్టుకోగలదు, ఒక దవడ లోపలికి, ఒకటి బయటికి. పైగుంటకు వేరే ఇయర్‌పీస్ కావాలి. ఎడమ చెవినే వాడటం ఆనవాయితీ, కుడి వేగస్ గుండె వేగాన్ని నడిపే కణుపుకు పోతుందని.

సెట్టింగు: మోడ్ కంటిన్యుయస్, రేటు 25 హెర్ట్జ్, పల్స్ వెడల్పు 200 నుంచి 250 మైక్రోసెకన్లు, టైమర్ 30 నిమిషాలు. కరెంటును తెంపి తెంపి, మార్చి మార్చి పంపే బర్స్ట్, మాడ్యులేషన్ మోడ్‌లు వద్దు, ఈరోజుకీ రేపటికీ పోలిక కుదరదు. కమ్మలు, జూకాలు, మాటీలు అన్నీ తీసేయాలి, లోహం తగిలితే ఆ చుక్క దగ్గరే కరెంటంతా పోగై సురుక్కుమంటుంది. తలకు రాసిన కొబ్బరినూనె చెవి మీదికి దిగి ఉంటుంది, సబ్బుతో కడిగి తుడవాలి. క్లిప్పు దవడలకు ఈసీజీ జెల్ కొద్దిగా. అల్ట్రాసౌండ్ జెల్ వద్దు, అది కరెంటు కోసం చేసింది కాదు. జెల్ లేకపోతే ఉప్పునీళ్లలో తడిపి పిండిన దూది పనికొస్తుంది కానీ పది నిమిషాల్లో ఆరిపోతుంది. పైగా ఉప్పు క్లిప్పు లోహాన్ని తినేస్తుంది, వాడాక మంచినీళ్లతో కడగాలి. నాబ్ సున్నాలో ఉండగానే క్లిప్పు పెట్టాలి. మెల్లగా పెంచుతూ చీమలు పారినట్టు అనిపించిన చోట ఆగి, ఇంకొక్క పిసరు పెంచితే చాలు. నొప్పి అనిపిస్తే ఎక్కువైనట్టే, ఎక్కువ పెడితే ఎక్కువ పనిచేస్తుందనుకోవద్దు. నాబ్ మీది అంకెలు మిల్లీ యాంపులు కావు, ఒకరి 'మూడు' ఇంకొకరికి పనికిరాదు.

తప్పు జరిగే చోట్లు ఇక్కడే. క్లిప్పు జారి మళ్లీ తగిలితే పెట్టిన కరెంటంతా ఒక్కసారిగా తగులుతుంది, అందుకే పడుకుని నిద్రలోకి జారుకుంటూ వాడొద్దు. ఓరుగల్లు ఎండల్లో చెమటకు చర్మం తడిసి మే నెలలో తక్కువ నాబ్‌కే తెలుస్తుంది, డిసెంబరులో చర్మం పొడిబారి అదే నాబ్ దగ్గర ఏమీ తెలియదు. అందుకే రోజూ కొత్తగా సున్నా నుంచే వెతుక్కోవాలి. 9 వోల్టుల బ్యాటరీ అయిపోవస్తుంటే మనకు తెలియకుండానే నాబ్ పెంచుకుంటూ పోతాం. కొత్త బ్యాటరీ వేసిన రోజు పాత నాబ్ దగ్గర పెడితే చెవి అదిరిపోతుంది. చార్జింగ్ పెట్టే రకమైతే ప్లగ్‌లో ఉండగా ఒంటికి తగిలించొద్దు, మన దగ్గర కరెంటు ఎప్పుడు పోయి ఎలా వస్తుందో తెలిసిందే. మిట్ట ఎర్రబడి దురద పెడితే మానేదాకా ఆపాలి, పుండు మీద పెట్టొద్దు.

పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గుండె కొట్టుకోవడంలో అడ్డంకి ఉన్నవాళ్లు, చెవిలో వినికిడి కోసం అమర్చిన కాక్లియర్ పరికరం ఉన్నవాళ్లు, గర్భిణులు దీని జోలికి పోవద్దు. మూర్ఛ ఉంటే డాక్టరే తేల్చాలి. దడ తగ్గడానికి ప్రొప్రనలాల్ వేసుకునేవాళ్లు మరీ జాగ్రత్త, ఆ గోలీ ముందే నాడి తగ్గిస్తుంది. కరోనాలో కొన్న ఆక్సీమీటర్ ఇంట్లో ఉంటే మొదట్లో క్లిప్పుకు ముందూ తర్వాతా నాడి చూసుకోవాలి. 50కి దిగినా, కళ్లు తిరిగినా ఆపేసి చెప్పాలి. ప్రొప్రనలాల్ ఉబ్బసం ఉన్నవాళ్లకు అసలే పడదు. ఇవన్నీ కాకముందే థైరాయిడ్, రక్తంలో హిమోగ్లోబిన్, ఒక ఈసీజీ చూపించుకోవాలి. థైరాయిడ్ ఎక్కువై వచ్చే దడను చెవి క్లిప్పు ఏం చేస్తుంది?

గోలీల వైపు రెండు మాటలు గట్టిగా చెప్పాలి. టెన్స్ కొనేవాళ్లలో చాలామందికి నడుం నొప్పి కూడా ఉంటుంది. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ట్రమడాల్ అనే నొప్పి గోలీ రాయించుకుంటారు. ఎస్సిటాలోప్రామ్‌తో ట్రమడాల్ కలిస్తే ఒంట్లో సెరటోనిన్ అనే రసాయనం మితిమీరి వణుకు, జ్వరం, తికమక రావచ్చు. ఇంకో నొప్పి గోలీ డైక్లోఫినాక్ కలిస్తే కడుపులో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. వేసుకునే గోలీ పేరు ప్రతి డాక్టరుకూ చెప్పాల్సిందే. రెండోది కల్లు. మన జిల్లాల్లో కల్తీ కల్లులో అల్ప్రజోలం, డైజిపాం అనే మత్తు మందులు కలిపి పట్టుబడిన కేసులు ఎన్నో. క్లోనజెపామ్‌ది కూడా అదే కుటుంబం. రెండూ కలిస్తే మత్తు ఊపిరి మీదికొస్తుంది. అలవాటైన కల్లు ఒక్కసారిగా ఆపితే వణుకు, విపరీతమైన బుగులు, ఫిట్స్ రావచ్చు. అది ఆందోళన జబ్బు ముదిరిందనుకుని ఇంట్లో క్లిప్పు పెట్టుకుని కూర్చునేది కాదు, వెంటనే వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. కల్లు తాగే అలవాటు సైకియాట్రిస్టుకు దాచొద్దు, ఆయన లెక్కంతా తప్పిపోతుంది.

లెక్క అంటే, ఆందోళన ఎంతుందో కొలిచే జీఏడీ-7 ప్రశ్నలకు జవాబులు రాసిపెట్టుకోవాలి. ఏడు ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 21. 5 నుంచి కొద్దిపాటి, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి తీవ్రం. ప్రశ్నలు గడిచిన రెండు వారాల గురించి అడుగుతాయి కాబట్టి రోజూ నింపి లాభం లేదు, పదిహేను రోజులకొకసారి చాలు. ఒకటి రెండు పాయింట్ల తేడాను పట్టించుకోవద్దు. పక్కనే ఆ రెండు వారాల్లో గోలీ డోసు, క్లిప్పు పెట్టిన రోజులు, క్లోనజెపామ్ ఎన్నిసార్లు పడిందీ రాయాలి. నా అనుభవంలో స్కోరు కంటే ఈ చివరి అంకే ఎక్కువ నిజం చెప్పింది.

దేనికి పనికొచ్చింది: సాయంత్రం ఛాతీ పట్టేసినట్టుండటం, పడుకోబోయే ముందు దడ. దేనికి రాలేదు: రేపు ఏమవుతుందో అన్న ఆలోచనల సుడి, బస్సెక్కడానికి, పెళ్లికి పోవడానికి వెనకాడటం. ఆ వెనకాడటం కౌన్సెలింగ్‌తో, భయపడే పనిని కొద్దికొద్దిగా చేస్తూనే పోతుంది. ఉన్నట్టుండి పానిక్ వచ్చినప్పుడు క్లిప్పు కోసం వెతకొద్దు, జెల్ పూసి పెట్టేలోపు చాలాసార్లు అదే దిగడం మొదలవుతుంది. నిమిషానికి ఆరు శ్వాసల లెక్కన నిదానంగా వదలడం మేలు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే గోలీ, క్లిప్పు లెక్కలు పక్కనపెట్టి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయాలి, తెలుగులోనే మాట్లాడతారు.

తగ్గించేటప్పుడు ముందు క్లోనజెపామ్, డాక్టరు చెప్పిన మెట్లలో. ఎస్సిటాలోప్రామ్ మాత్రం బాగయ్యాక కూడా ఆరు నెలల నుంచి ఏడాది కొనసాగించి, ఆ తర్వాతే మెల్లగా. ఆ రోజుల్లో క్లిప్పు ఎప్పటిలాగే, అదే టైముకు. గోలీ తగ్గించినప్పుడు, లేదా రెండు రోజులు మరిచిపోయినప్పుడు కొందరికి తలలో కరెంటు షాకు కొట్టినట్టు జివ్వుమంటుంది. మిషన్ వాడేవాళ్లంతా దీన్ని మిషన్ నెత్తిన వేస్తారు. తేడా పట్టుకోవడం తేలికే: మిషన్ తీసేసి గంటలైనా వస్తుంటే, కళ్లు పక్కకు తిప్పినప్పుడు వస్తుంటే, చెవిలో కాకుండా తల లోపల వస్తుంటే అది గోలీ తగ్గినందుకు. డాక్టరుకు చెప్తే సాధారణంగా వెనకటి డోసుకు తీసుకుపోయి, ఇంకా చిన్న మెట్లలో దించుతారు.