కోకో పొడా, డార్క్ చాక్లెట్ బారా: వంటకు ఏది మేలు?

పర్లాకిమిడిలోని మా వంటింట్లో ఒక పొయ్యి మీద గుత్తివంకాయ కూర మగ్గుతుంటే, మరో పక్కన ఛెనాపోడ (విరిగిన పాల ముద్ద అయిన ఛెనాతో చేసే ఒడియా మిఠాయి) కాలుతూ ఉంటుంది. ఈ రెండింటిలోనూ చాక్లెట్ వాడి చూసిన అనుభవంతో ఈ పోలిక రాస్తున్నాను.

కోకో గింజ స్వతహాగా తీపిది కాదు. చేదు, వగరు, కొద్దిపాటి పులుపు కలిసిన దినుసు అది. మెక్సికోలోని ప్వేబ్లా ప్రాంతపు 'మోలే'లో ఎండుమిర్చి, నువ్వులు, గింజపప్పులు వేయించి నూరి, ఆ ముద్దలో కొంచెం చాక్లెట్ కరిగించి మాంసానికి పట్టిస్తారు. ఎండుమిర్చి, నువ్వులు, వేరుశెనగపప్పు, చింతపండు, చిటికెడు బెల్లంతో మనం వంకాయల్లో కూరే ముద్ద దానికి ఎంత దగ్గరగా ఉందో గమనించాకే, కూరలో కోకో వేయడానికి నాకు ధైర్యం వచ్చింది.

పులియబెట్టి, ఎండబెట్టి, వేయించిన గింజల పప్పును నూరితే వచ్చే ముద్దలో సగానికి పైగా కొవ్వే ఉంటుంది. దాన్ని ఒత్తి కోకో వెన్నను చాలావరకు పిండేయగా మిగిలిన పిప్పిని దంచితే కోకో పొడి అవుతుంది. ఇలా ఒత్తే విధానానికి 1828లో నెదర్లాండ్స్‌లో వాన్ హౌటెన్ కుటుంబం పేటెంట్ పొందింది. అదే ముద్దలో వెన్నను ఉండనిచ్చి, ఇంకొంత చేర్చి, పంచదార కలిపితే డార్క్ చాక్లెట్ బార్. కాబట్టి ఈ రెండింటిలో ఏది మేలన్న ప్రశ్న అసలు కొవ్వు గురించీ, తీపి గురించీ వేయవలసిన ప్రశ్న.

కారపు వంటలకు నేను పొడినే ఎంచుకుంటాను. అందులో పంచదార ఉండదు కనుక, కూరలో ఉప్పు, పులుపు, కారం కుదిరాక చేదును మాత్రమే మనకు కావలసినంత చేర్చుకోవచ్చు. అరకిలో మాంసానికి ఒక చిన్న చెంచా చాలు. అంతకు మించితే కూర మందు వాసన వేస్తుంది. పొడిని కాగిన నూనెలో నేరుగా వేస్తే క్షణాల్లో మాడిపోతుంది. వేడినీటిలో ఉండలు లేకుండా కలిపి, మసాలా వేగి నూనె తేలాక సెగ తగ్గించి పోయాలి.

బార్ పక్షాన చెప్పదగిన మాట కూడా ఉంది. 70 శాతం కోకో ఉన్న బార్‌లో 100 గ్రాములకు సుమారు 30 గ్రాముల పంచదార ఉంటుంది. కూరలో 10 గ్రాముల ముక్క వేస్తే దానితో వచ్చే తీపి 3 గ్రాములే. బెల్లం మానేస్తే లెక్క సరిపోతుంది, పైగా కోకో వెన్న వల్ల పులుసుకు నిగనిగలాడే చిక్కదనం వస్తుంది. అయినా గుత్తివంకాయలో బెల్లానికి దానిదైన రుచి ఉంది. దాన్ని వదులుకోవడం నాకు ఇష్టం లేదు. మిల్క్ చాక్లెట్ మాత్రం ఏ కూరలోనూ వేయకండి. దాని పాలతీపి మసాలాను మింగేస్తుంది.

ఛెనాపోడ దగ్గర నా తీర్పు తిరగబడుతుంది. ఛెనా, పంచదార, రవ్వ కలిపి, పైన ముదురు గోధుమరంగు తిరిగేదాకా కాల్చే ఆ వంటకంలో పొడి వేసినప్పుడు, అది తేమను పీల్చుకుని లోపలంతా బిరుసెక్కి, నిలువునా పగిలింది. చిన్నగా తరిగిన డార్క్ చాక్లెట్ వేస్తే మెత్తదనం నిలిచింది. అయితే కోకో వెన్న 34 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాని కరగదు; చలికాలం ఉదయాన ఆ ముక్కలు పంటికి గట్టిగా తగులుతాయి కనుక కాస్త వేడిచేసి తినాలి. పాళ్లు కూడా మితంగా ఉండాలి. మాడిన పంచదార పరిమళమే ఛెనాపోడకు ప్రాణం, దాన్ని చాక్లెట్ కప్పేయకూడదు.

బార్‌కు మరో చిక్కు నీరు. ఒక దీపావళికి ఆవిరి మీద చాక్లెట్ కరిగిస్తుండగా మూత నుంచి నాలుగు చుక్కలు పడి, గిన్నెలోదంతా ఇసుకలా గడ్డకట్టింది. పారబోయబోతే మా అత్తగారు ఆపి, వేడి పాలు పోసి తిప్పమన్నారు. కొద్ది నీటికి బిగుసుకున్న చాక్లెట్ మరిన్ని పాలు చేరేసరికి మళ్లీ జారింది. పూతకు పనికిరాలేదు గాని, పాయసంలోకి చక్కగా సరిపోయింది.

కేకుకు పొడి వాడేవారు డబ్బా మీద చూడవలసింది ఒకటుంది. ఆల్కలీతో శుద్ధి చేసిన పొడిలో పులుపు తగ్గిపోతుంది కనుక వంటసోడా దానితో సరిగా పొంగదు. ఆ పొడికి బేకింగ్ పౌడర్ వాడాలి.

వేసవిలో బరంపురం నుంచి విశాఖకు రైలులో నువ్వులుండలు పంపవలసి వస్తే, వాటి పూతకు మాత్రం ఈ రెండూ కాక కాంపౌండ్ చాక్లెట్ కొంటాను. అందులో కోకో వెన్నకు బదులు వేరే వృక్షసంబంధమైన కొవ్వు ఉంటుంది కనుక నోటికి కాస్త మైనంలా తగిలినా, చేతికి అంటకుండా ఊరు చేరుతుంది.