లేసు ఊరు లెఫ్కారాలో ఒక రాత్రి

సైప్రస్ అంటే బీచే అనుకుని సర్దుకున్నాం. అడ్డం తిరిగింది మా అత్తగారు. "సముద్రం మా నరసాపురం పక్కనా ఉంది. లేసు కుట్టే ఊరేదో ఉందన్నారుగా, అది చూపించండి" అన్నారు. పెళ్లికి ముందు ఆవిడ క్రోషే లేసు అల్లి చేతిఖర్చులు సంపాదించుకున్నారు. దాంతో లార్నాకాలో అనుకున్న మూడు రాత్రుల్లో ఒకటి పానో లెఫ్కారాకి మార్చాం.

కొండ ఊళ్లకి బస్సులు తక్కువ, కారు తీసుకోవడమే మేలు. ఎయిర్‌పోర్టు నుంచి ముప్పావుగంట పట్టింది. 1960 దాకా బ్రిటిష్ పాలనలో ఉన్న దేశం కాబట్టి మనలాగే ఎడమవైపు డ్రైవింగ్. ఏళ్లుగా జర్మనీలో నడుపుతున్న మా ఆయనకి మాత్రం మొదటి రౌండబౌట్ దగ్గరే టెన్షన్ మొదలైంది.

ఊరంతా తెల్లటి సున్నపురాయి గోడలు, ఎర్ర పెంకుల కప్పులు. సందుల్లోకి కారు తీసుకెళ్లకండి, పైన పార్కింగులో వదిలేయండి. మేం దిగిన రాతి ఇల్లు ఫొటోల్లో ఉన్నట్టే ఉంది. నిటారు మెట్లున్న సంగతి, వేడినీళ్లు ఇద్దరి స్నానానికే సరిపోతాయన్న సంగతి మాత్రం ఫొటోల్లో లేవు. పెద్దవాళ్లతో వెళ్తే కింది గది ఉందా అని ముందే అడగండి.

ఇక్కడి లేసుకి 2009లో యునెస్కో గుర్తింపు వచ్చింది. లియొనార్డో డా విన్చీ 1481లో వచ్చి మిలాన్ చర్చి కోసం ఒకటి కొనుక్కెళ్లాడని ఏ షాపుకెళ్లినా చెబుతారు. ఊరి కథే తప్ప రుజువు లేదు. మా అత్తగారికి ఆ కథ అక్కర్లేదు, పని కావాలి. వాకిట్లో కుర్చీ వేసుకుని కుడుతున్న ఒక పెద్దావిడ పక్కన చతికిలబడ్డారు. ఒకరికి గ్రీకు, ఒకరికి తెలుగు. అరగంట వేళ్లతోనే మాట్లాడుకున్నారు. మన దగ్గర కొక్కెంతో దారాన్నే అల్లుకుంటూ పోతాం. ఇక్కడ లినెన్ బట్టలోంచి పోగులు లాగేసి, మిగిలినవాటిని సూదితో కట్టి నమూనా తెస్తారు. వంకీలు తిరిగే ఒక నమూనా పేరు 'పొటమోస్', అంటే నది.

ఒకప్పుడు ఆడవాళ్లు కుడితే, మగవాళ్లు మూటలు కట్టుకుని యూరప్ అంతా తిరిగి అమ్మేవారట. ఇదంతా పాట్సాలోస్ అనే పాత ఇంట్లో పెట్టిన మ్యూజియంలో కనిపిస్తుంది. చిన్నదే కానీ వదలొద్దు. "మా దగ్గరా అంతే, అల్లేది మేము, బేరం వాళ్లది" అన్నారు అత్తగారు అక్కడ. ఇంకేం మాట్లాడలేదు.

కొనేవాళ్లకి ఆవిడ నేర్పిన కిటుకు ఒకటి: ముక్క తిరగేసి చూడండి. చేతిపని అయితే వెనకా ముందూ ఒకేలా ఉంటుంది. అలా ఒక షాపులో మూడు తిరగేసి, మూడూ మిషనువే అని పక్కన పెట్టేశారు. షాపతని మొహం చూడలేకపోయాం. చివరికి ఆ పెద్దావిడ దగ్గరే అరచేయంత ముక్క కొన్నాం. ధర ఎక్కువే, అయినా అత్తగారు బేరమాడలేదు. రైతుబజారులో కూడా బేరమాడే మనిషి!

తిండికి శాకాహారులు భయపడక్కర్లేదు. బొబ్బర్లూ ఆకుకూరా కలిపి ఉడికించి, ఆలివ్ నూనె, నిమ్మరసం పోసిన 'లూవి' అనే వంటకం ఉంది. తాలింపు లేదన్న వెలితి తప్ప అన్నంలోకి బాగుండేది. హలూమీ అనే అక్కడి చీజ్‌లో ఉప్పెక్కువ.

సాయంత్రం టూరిస్టు బస్సులు దిగిపోయాక సందులు ఖాళీ. ఒక్క రాత్రయినా ఉండమనేది అందుకే. షాపులవాళ్లు పిలవడం మానేసి వాళ్లలో వాళ్లు కబుర్లలో పడతారు, మనల్నీ కాఫీకి కూర్చోమంటారు.

తిరుగు దారిలో ఖిరోకిటియా ఉంది. దాదాపు 9,000 ఏళ్లనాటి గుండ్రటి ఇళ్ల పునాదులు. ఎక్కడా నీడ లేదు. మేం మిట్టమధ్యాహ్నం వెళ్లి మాడిపోయాం. అత్తగారు కారు దిగలేదు, ఏసీ వేయించుకుని లేసు ముక్క మళ్లీ తిరగేసి చూసుకుంటున్నారు.