ఈసీఆర్ మీద లిఫ్టు అడుగుతూ మహాబలిపురం దాకా

ఈసీఆర్, అంటే చెన్నై నుంచి సముద్రం పక్కగా పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద చెయ్యెత్తితే కార్లు ఆగవు. బైకులు ఆగుతాయి గానీ ఒక్కరినే ఎక్కించుకుంటాయి. అడక్కుండానే ఆగేవి ఆటోలు, వాటికి డబ్బులివ్వాలి. చెన్నై తిరువాన్మియూరు నుంచి మహాబలిపురం 45 కిలోమీటర్లు ఉంటుందేమో, బస్సులకు కొదవ లేదు. అలాంటి దారిలో లిఫ్టు అడుగుతూ వెళ్దామన్నది మా జర్మనీ కుర్రాళ్ల సరదా.

మేం నలుగురం ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున సాయంత్రాలు పిల్లలకు చదువు చెబుతాం. జర్మన్లిద్దరూ వాళ్ల ప్రభుత్వం 2008లో మొదలుపెట్టిన వెల్ట్‌వెర్ట్స్ అనే స్వచ్ఛంద సేవా పథకం కింద వచ్చారు. ఒకమ్మాయిది నేపాల్. నాది నెల్లూరు. శని, ఆదివారాలు పిల్లలతోనే సరిపోతుంది కాబట్టి మా సెలవు బుధవారం.

కుర్రాళ్లు వాళ్ల ఊరి అలవాటు ప్రకారం బొటనవేలు పైకెత్తి నిలబడ్డారు. కార్లలో పోయేవాళ్లు నవ్వి, తామూ బొటనవేలు చూపించి వెళ్లిపోయారు. ఇక్కడ అరచెయ్యి కిందికి ఊపుతూ, డ్రైవర్ మొహంలోకి చూస్తూ అడగాలి. నలుగురు గుంపుగా ఉంటే ఎవరూ ఆపరు. అందుకే ఒక ఆడ, ఒక మగ చొప్పున రెండు జంటలుగా విడిపోయాం. నన్నూ ఒక కుర్రాణ్నీ ఒక పెద్దాయన కారులో ముట్టుకాడు దాకా తీసుకొచ్చారు. దారి పొడుగునా ఆయన ఫోన్లోనే ఉన్నారు, మాతో మాట్లాడింది లేదు. మిగతా ఇద్దరూ విసుగెత్తి బస్సెక్కి మాకంటే ముందే దిగి కూర్చున్నారు!

ముట్టుకాడులో ఆగింది దక్షిణచిత్ర కోసం. 1996లో మొదలైన ఈ మ్యూజియంలో దక్షిణాది పాత ఇళ్లను ఊళ్ల నుంచి విప్పి తెచ్చి మళ్లీ కట్టారు. తెలుగువాళ్లు తప్పక చూడాల్సింది ఉత్తరాంధ్ర హరిపురం చుట్టిల్లు. గుండ్రటి మట్టిగోడ, దాని మీంచి దాదాపు నేల దాకా దిగిన గడ్డి కప్పు. గాలి ఎటు నుంచి కొట్టినా పట్టు దొరక్కుండా తుఫాన్ల కోసం అలా కట్టుకున్నారు. లోపలికి నడుం వంచి దూరాలి. బయట ఎండ మండుతుంటే లోపల చల్లగా ఉంది. కొయ్యలగూడెం ఇక్కత్ నేతవారి ఇల్లూ ఉంది. సగం పూట హాయిగా గడిచిపోతుంది. మంగళవారం మాత్రం సెలవు. విదేశీయులకు టికెట్ ధర ఎక్కువ.

అసలు లిఫ్టు అక్కడి నుంచి దొరికింది. వెనక సీటున్న బొలెరో క్యాంపర్ ఒకటి వస్తోంది, నంబరు ఏపీ 39. పాత రోజుల్లో అయితే ఏపీ 26 చూసి నెల్లూరని దూరం నుంచే చెప్పేదాన్ని, ఇప్పుడు అన్ని జిల్లాలకీ ఒకటే. అయినా చెయ్యి ఊపాను. "యాడికి బోవాలమ్మా?" అన్న మాటతో ఊరు తెలిసిపోయింది. "మాదీ నెల్లూరే అన్నా" అన్నాను. "ఇంకేంది మరి, ఎక్కండి" అన్నాడు. ఎక్కేముందు నంబరు ప్లేటు ఫోటో తీసి మా గ్రూపులో పెడితే, మంచి పని చేశావన్నాడు.

ఆయన మరక్కాణం వైపు హేచరీకి రొయ్యల సీడ్, అంటే చెరువులో వదిలే రొయ్యపిల్లల కోసం వెళ్తున్నాడు. వెనామీ రకం పిల్లల్ని నీళ్లతో సంచుల్లో పోసి, ఆక్సిజన్ పట్టి మూతి కట్టేస్తారట. పక్కన ఐసు పెట్టి, ఎండ తగలకుండా రాత్రికి రాత్రే చెరువుకు చేరుస్తారు. చెరువులో ఉప్పు శాతం ఎంతో ముందే హేచరీకి చెబితే, అక్కడి తొట్టెల నీళ్లను కూడా దానికి దగ్గరగా తెచ్చి పిల్లల్ని అలవాటు చేస్తారు. లేకపోతే చెరువులో వదలగానే దెబ్బతింటాయి. జర్మన్లు ఒకటే ప్రశ్నలు, నేను ఒకటే అనువాదం. మహాబలిపురం బైపాస్ మీద దింపి, డబ్బులు ఇవ్వబోతే కసిరాడు. ఇవ్వకపోవడమే మేలు కూడా. తెల్ల ప్లేటు బండిలో డబ్బు పుచ్చుకుని మనుషుల్ని ఎక్కించుకుంటే బండివాడికి జరిమానా పడొచ్చు. సరుకు బండి వెనక తొట్లో మాత్రం ఎవరు రమ్మన్నా ఎక్కకండి, అది నిబంధనలకు విరుద్ధం.

మహాబలిపురంలో సముద్రతీర ఆలయం, పంచరథాలు రెంటికీ కలిపి ఒకే టికెట్. మనకు 40 రూపాయలు, విదేశీయులకు 600. సార్క్ దేశాల వాళ్లకు మన ధరే కాబట్టి నేపాల్ అమ్మాయి 40తో లోపలికి వచ్చింది. కుర్రాళ్లు బయటే ఉండిపోయి అర్జున తపస్సు అనే పెద్ద రాతి శిల్పం చూశారు, అది రోడ్డు పక్కనే నిలబడి చూడొచ్చు. నన్నడిగితే వాళ్లకేం నష్టం జరగలేదు. ఏనుగు కాళ్ల దగ్గర, ముందు కాళ్లు పైకెత్తి దొంగ జపం చేస్తున్న పిల్లి, దాని చుట్టూ ఎలుకలు. పల్లవుల శిల్పికి ఎంత వెటకారమో! పంచరథాలు బాగున్నాయి, కానీ మధ్యాహ్నం ఇసుక కాళ్లు కాలుస్తుంది.

భోజనానికి ఒత్తవాడై వీధి వదిలేయండి. అక్కడి హోటళ్లు విదేశీయుల కోసం, ధరలూ అలాగే ఉంటాయి. బస్టాండు పక్కన అరిటాకు భోజనం చాలు, రసం బాగుంది.

మరోసారి రాత్రి ఉందామని గదులు కూడా అడిగి చూశాం. బస్టాండు దగ్గరి ఒక చిన్న లాడ్జివాడు జర్మన్లను చూడగానే తల అడ్డంగా ఊపాడు. విదేశీయులకు గది ఇస్తే 24 గంటల్లో వాళ్ల వివరాలు ప్రభుత్వానికి పంపాలి, ఆ తలనొప్పి తనకొద్దన్నాడు. ఒత్తవాడై వైపు వాళ్లకు అది రోజూ ఉండే పనే. అద్దె కొంచెం ఎక్కువైనా, విదేశీ మిత్రులతో వెళ్తే అక్కడే దిగడం మంచిది.

చీకటి పడ్డాక లిఫ్టు అడగకూడదని బయల్దేరేటప్పుడే అనుకున్నాం కాబట్టి తిరుగు ప్రయాణం బస్సులో. తమిళనాడులో 2021 నుంచి ఆడవాళ్లకు మామూలు సిటీ బస్సులో టికెట్ డబ్బులు అక్కర్లేదు గానీ, మాకు దొరికింది డీలక్స్. వచ్చే సెలవుకు సదరాస్‌లోని డచ్చి కోట అనుకుంటున్నాం. ఈసారి అట్టముక్క మీద తమిళంలో ఊరి పేరు రాసి పట్టుకోవాలని కుర్రాళ్ల పట్టుదల. ఆ పని నేపాల్ అమ్మాయికి అప్పగించాం, మాలో తమిళ అక్షరాలు నేర్చుకున్నది ఆమె ఒక్కతే.