దోపిడీ హత్యకు ఉరా, విడుదల లేని యావజ్జీవమా?

నగల కోసం ఒంటరి వృద్ధురాలిని చంపారన్న వార్త వచ్చిన ప్రతిసారీ నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే: "ఇలాంటివాళ్లను ఉరి తీయక జైల్లో కూర్చోబెట్టి మేపడం ఎందుకు?" ఆ కోపాన్ని నేను తప్పుపట్టను. పగ లేదు, పరిచయం లేదు, నాలుగు కాసుల బంగారం కోసం ఒక ప్రాణం. వినగానే నాకూ రక్తం మరుగుతుంది.

మన దగ్గర ఈ మాట ఎప్పుడు వచ్చినా చిలకలూరిపేట బస్సు దగ్గరికే చేరుతుంది. 1993 మార్చి 8న ఇద్దరు యువకులు ప్రయాణికులను దోచుకోవాలని బస్సెక్కారు. పెట్రోలు చల్లారు, నిప్పు అంటుకుంది, 23 మంది ఆహుతయ్యారు. కింది కోర్టు వేసిన ఉరిశిక్షను 1996లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. 1997లో ఉరి తేదీ కూడా ఖరారైన తరువాత అమలు ఆగింది. మరుసటి ఏడాది రాష్ట్రపతి దాన్ని యావజ్జీవంగా మార్చారు. ఆ నిర్ణయం సరైనదా కాదా అని ఇప్పటికీ వాదించుకునేవాళ్లున్నారు.

మామూలు యావజ్జీవం గురించి ఎక్కువ చెప్పను. కనీసం పద్నాలుగేళ్లు గడిచాక ప్రభుత్వం విడుదల చేయవచ్చు. ఘోరమైన దోపిడీ హత్యకు ఇది చాలదన్నదే నా అభిప్రాయం కూడా. పోయినవారి పిల్లలు ఇంకా చదువుకుంటూ ఉండగానే హంతకుడు అదే వీధిలో తిరిగే అవకాశం ఉండకూడదు.

కాబట్టి అసలు పోటీ ఉరికీ, విడుదలకు వీలులేని యావజ్జీవానికీ మధ్యనే. ఈ రెండోది 2008లో, భార్యను చంపిన స్వామి శ్రద్ధానంద అనే వ్యక్తి కేసులో సుప్రీంకోర్టు చూపిన దారి. ఇరవై అయిదేళ్లో, ముప్ఫై ఏళ్లో, తుదిశ్వాస వరకో శిక్ష తగ్గింపు లేకుండా జైల్లో ఉంచవచ్చని కోర్టు చెప్పింది. 2015లో అదే కోర్టులోని అయిదుగురు జడ్జిల రాజ్యాంగ ధర్మాసనం దాన్ని సమర్థించింది. ఇండోర్‌లో 2011లో దోపిడీకి వచ్చినవాళ్లు ఒకే ఇంట్లో మూడు తరాల ఆడవాళ్లను చంపిన కేసులోనూ, 2022లో సుప్రీంకోర్టు ఉరిని తొలగించి కనీసం ఇరవై అయిదేళ్ల జైలు వేసింది.

ఖర్చు సంగతి వదిలేద్దాం, ప్రాణాల విషయంలో ఆ లెక్క నాకు రుచించదు. ఉరి భయంతో నేరాలు తగ్గుతాయంటారా, దోపిడీకి వెళ్లేవాడు దొరకనన్న ధీమాతోనే వెళతాడు. నా దృష్టిలో తేల్చేది ఒక్కటే: దోషి ఎవరో మనకు ఎంత ఖాయంగా తెలుసు?

ఆస్తి తగాదా హత్యలో, పాత కక్షల హత్యలో చంపినవాడి పేరు ఊరికి తెలుస్తుంది. దోపిడీ హత్యలో అలా కాదు. చీకట్లో వచ్చినవాడు ముక్కూ మొహం తెలియనివాడు. కేసంతా బతికి బయటపడ్డవారు గుర్తుపట్టడం మీద, పోలీసులు స్వాధీనం చేసుకున్నామని చూపే సొమ్ము మీద నిలబడుతుంది. పైగా అయిదుగురు కలిసి చేసిన బందిపోటు దొంగతనంలో ఒక్కడు హత్య చేసినా అయిదుగురికీ ఉరి వేసే వీలు చట్టంలో ఉంది. అంటే పొరపాటుకు ఎక్కువ తావున్న నేరానికే దిద్దుకోలేని శిక్షను సిద్ధంగా ఉంచుకున్నాం.

ఇది ఊహ కాదు. 2003లో మహారాష్ట్రలోని నాసిక్ జిల్లాలో ఒక కుటుంబం మీద దోపిడీ దొంగలు పడి అయిదుగురిని చంపారు. ఒక తల్లీ కొడుకూ మాత్రం బతికారు. సంచార జాతులకు చెందిన ఆరుగురిని పట్టుకున్నారు. బొంబాయి హైకోర్టు వారిలో ముగ్గురికే ఉరి నిలబెట్టింది. 2009లో సుప్రీంకోర్టు మిగతా ముగ్గురికీ ఉరే ఖాయం చేసింది. తరువాత కేసును మళ్లీ విచారించినప్పుడు ఒక విషయం బయటపడింది. ఆ తల్లి మొదట్లోనే పోలీసులు చూపిన ఫొటోల్లో వేరే నలుగురిని గుర్తుపట్టింది. ఆ నలుగురిని పోలీసులు అరెస్టు చేయనే లేదు. 2019 మార్చిలో అదే సుప్రీంకోర్టు ఆరుగురినీ నిర్దోషులుగా వదిలి, తలా అయిదు లక్షల పరిహారం ఇమ్మంది. అప్పటికి దాదాపు పదహారేళ్లు జైల్లోనే గడిచిపోయాయి.

2009 తీర్పును వెంటనే అమలు చేసి ఉంటే 2019లో విడిపించడానికి ఎవరూ మిగిలేవారు కారు. చిలకలూరిపేటలా నేరం చేసినవారు ఎవరన్నది తేలిన కేసులున్నాయి, ఒప్పుకుంటాను. కానీ నాసిక్ కేసు కూడా 2009లో తేలిపోయినట్టే కనిపించింది. రెంటినీ విడదీసే కొలత మన కోర్టుల దగ్గర ఉందని నేను నమ్మలేకపోతున్నాను. అందుకే నా ఓటు విడుదల లేని యావజ్జీవానికి.

బాధితుల వైపు నుంచి చూసినా నాకు ఇదే మేలనిపిస్తుంది. ఉరి పడ్డ కేసు హైకోర్టు, సుప్రీంకోర్టు, పునఃసమీక్ష, క్షమాభిక్ష అంటూ ఏళ్ల తరబడి నలుగుతుంది. ప్రతి మెట్టు దగ్గరా ఆ ఇంటివాళ్లు టీవీ ముందు కూర్చుని పాత గాయాన్ని మళ్లీ రేపుకోవాలి.

అయితే ఇందులో ఒక లోపం ఉంది. ఇలా విడుదలకు వీలులేకుండా ఇన్నేళ్లని శిక్ష వేసే అధికారం హైకోర్టుకూ, సుప్రీంకోర్టుకే ఉంది. హత్య కేసును మొదట విచారించే సెషన్స్ జడ్జి ముందు ఉన్నవి ఉరి, మామూలు యావజ్జీవం మాత్రమే. రెండోది చాలదనుకున్న జడ్జి మొదటిదాని వైపు మొగ్గుతాడు, శిక్ష పడ్డ మనిషి ఏళ్ల తరబడి ఉరి నీడలో గడుపుతాడు. ఈ మూడో శిక్షను చట్టంలోనే రాసి సెషన్స్ కోర్టు చేతికి ఇవ్వాలి. ఉరి ఎందుకు తీయరని అడిగేవారు నాతో కలిసి ముందుగా దీన్ని అడగాలని నా కోరిక.