ఆర్ట్ మ్యూజియంలో టీన్ ప్రోగ్రామ్ నడపాలంటే: ఏడాది ఫెలోషిప్పా, గంటల జీతపు ఉద్యోగమా, మాస్టర్సా?

అమెరికాలో డిగ్రీ ముగించి, ఆర్ట్ మ్యూజియంలో హైస్కూల్ పిల్లలతో పనిచేయాలనుకునేవారి ముందు ముఖ్యంగా మూడు దారులుంటాయి. మొదటిది, కొత్త గ్రాడ్యుయేట్ల కోసం మ్యూజియమే ఇచ్చే తొమ్మిది నుంచి పన్నెండు నెలల ఫెలోషిప్. రెండోది, గంటల లెక్కన జీతమిచ్చే గ్యాలరీ ఎడ్యుకేటర్ ఉద్యోగం, అంటే వచ్చిన బృందాలకు కళాకృతులు చూపించి మాట్లాడించే పని. మూడోది, మ్యూజియం ఎడ్యుకేషన్‌లో మాస్టర్స్.

మా మాట ముందే చెప్పేస్తాం. పిల్లల ఎంపిక నుంచి ఏడాది చివర వాళ్లు చేసే కార్యక్రమం దాకా ఒకే బృందాన్ని మీ చేతుల మీదుగా నడిపించే ఫెలోషిప్ దొరికితే అదే మేలు. పేరుకు ఫెలో, పనికి ఆఫీసు అసిస్టెంట్ అనిపించేదైతే గంటల జీతపు ఉద్యోగమే నయం. మాస్టర్స్ సంగతి ఈ రెండింటిలో ఒకటి చేశాక చూసుకోవచ్చు.

ఒకే బృందం, ఏడాది పొడవునా అని ఎందుకు అంటున్నామంటే, ఈ పని పుట్టిందే అలా. మినియాపోలిస్‌లోని వాకర్ ఆర్ట్ సెంటర్ 1996లో టీన్ కౌన్సిల్ (మ్యూజియంతో కలిసి పనిచేసే హైస్కూల్ పిల్లల బృందం) మొదలుపెట్టింది. న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం 1997లో, హ్యూస్టన్‌లోని సమకాలీన కళల మ్యూజియం 1999లో తమ టీన్ కార్యక్రమాలు తెచ్చాయి. అన్నిటిలోనూ కనిపించేది ఒక్కటే: చిన్న బృందం, నెలల తరబడి సాంగత్యం, కళాకారులతో నేరుగా పని, పిల్లల చేతికి నిజమైన బాధ్యత. ఈ మూడూ లాస్ ఏంజెలెస్‌లోని సమకాలీన కళల మ్యూజియం మోకాతో కలిసి, ఏళ్ల కిందట ఆ కార్యక్రమాల్లో ఉన్నవారి జీవితాలపై వాటి ప్రభావాన్ని పరిశీలించి 2015లో నివేదిక వెలువరించాయి. వాళ్లు పరిశీలించినది దీర్ఘకాలం సాగే కార్యక్రమాలను. గంటసేపు జరిగే స్కూల్ టూర్‌ను కాదు. టూర్ నడపడం మంచి పనే, కానీ అది వేరే పని.

మొదలయ్యే నెలను బట్టే సగం తెలిసిపోతుంది

ఫెలోషిప్ ప్రకటనలో ముందు చూడాల్సింది స్టైపెండ్ కాదు, మొదలయ్యే తేదీ. టీన్ కౌన్సిల్ ఏడాది స్కూలు క్యాలెండర్ వెంట నడుస్తుంది. ఆగస్టు, సెప్టెంబర్లలో దరఖాస్తులు, ఇంటర్వ్యూలు. అక్టోబర్లో పిల్లలు ఒకరికొకరు అలవాటు పడతారు. నవంబర్ నుంచి గ్యాలరీలో మాట్లాడటం నేర్పుతారు. డిసెంబర్ సెలవులు, సెమిస్టర్ పరీక్షల దగ్గర హాజరు పడిపోతుంది. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు టీన్ నైట్‌కో (తోటి టీన్స్ కోసం పిల్లలే నడిపే సాయంత్రపు కార్యక్రమం), ప్రదర్శనకో సిద్ధం కావడం. మే మొదటి రెండు వారాలు ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సుల) పరీక్షలవి. ఆ రోజుల్లో పెద్ద కార్యక్రమం పెడితే నడిపించాల్సిన పిల్లలే రారు.

జూన్ లేదా జులైలో మొదలయ్యే ఫెలోషిప్‌లో మీరు ఎంపికలో పాల్గొంటారు. కౌన్సెలర్లకు, ఆర్ట్ టీచర్లకు ఉత్తరాలు రాయడం, దరఖాస్తును ఫోన్లోనే పదిహేను నిమిషాల్లో నింపేలా తయారుచేయడం, పోర్ట్‌ఫోలియో అడగాలా వద్దా అని తేల్చుకోవడం అన్నీ మీ పనే. పోర్ట్‌ఫోలియో అడిగితే ఇప్పటికే ఆర్ట్ క్లాసులున్న పిల్లలే వస్తారు, మ్యూజియం గడప తొక్కనివాళ్లు రారు. పదిహేను మంది కావాలంటే పద్దెనిమిది మందిని తీసుకోవాలన్న లెక్కా ఇక్కడే తెలుస్తుంది. క్రీడలు, పార్ట్‌టైమ్ పని, తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ చూసుకోవడం వంటి కారణాలతో మొదటి నెలలోనే ఒకరిద్దరు తప్పుకుంటారు. అక్టోబర్లో మొదలయ్యే ఫెలోషిప్‌లో ఇదంతా మీరు రాకముందే జరిగిపోయి ఉంటుంది. ఇంకొకరు ఎంచిన బృందాన్ని నడపడం వచ్చినా, బృందాన్ని కూర్చడం రాదు.

గంటల ఉద్యోగంలో చేరితే ఎక్కువసార్లు మీకు ఒక సెషన్ మాత్రమే అప్పగిస్తారు. గ్యాలరీ బోధనను సానబట్టడానికి మాత్రం ఇంతకు మించిన చోటు లేదు. వారానికి అయిదారు బృందాలతో ఒకే చిత్రం ముందు కూర్చుంటే ఏ ప్రశ్న పిల్లల నోరు తెరిపిస్తుందో, ఏది మూయిస్తుందో త్వరగా తెలుస్తుంది. ‘ఈ బొమ్మలో ఏం జరుగుతోంది? ఏది చూసి అలా అనిపించింది? ఇంకా ఏం కనిపిస్తోంది?’ అనే విజువల్ థింకింగ్ స్ట్రాటజీస్ (ప్రశ్నలతోనే బొమ్మను చూడటం నేర్పే పద్ధతి) ప్రశ్నలు వినడానికి సులువే. పిల్లవాడి జవాబును మీ అభిప్రాయం కలపకుండా తిరిగి చెప్పడం మాత్రం పదేపదే చేస్తేనే పట్టుబడుతుంది. ఫెలోలకు ఈ సాధన తక్కువ. వాళ్ల వారంలో ఎక్కువ భాగం ఈమెయిళ్లు, ఫారాలు, సామగ్రి సర్దడంతోనే పోతుంది.

డబ్బు

ఫెలోషిప్ మొత్తాన్ని వారాలతో, ఆపైన వారపు పని గంటలతో భాగించి చూడండి. ‘పూర్తికాలం’ అన్న ప్రకటనలో సాయంత్రాలు, శనివారాలు కలిసి ఉంటాయి. టీన్స్ వచ్చేది స్కూలు అయ్యాకే కదా. వారానికి 40 గంటలు దాటితే ఒకటిన్నర రెట్లు ఇస్తారా, బదులు సెలవుతో సరిపెడతారా అన్నది రాతపూర్వకంగా అడగాలి.

ఇంతకన్నా ముఖ్యమైనది, డబ్బు ఏ రూపంలో వస్తుందన్నది. డబ్ల్యూ-2 (జీతగాళ్లకిచ్చే పన్ను ఫారం) ఉద్యోగిగా తీసుకుంటే పన్ను ముందే కోస్తారు, యజమాని వాటా సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ వాళ్లే కడతారు. పన్ను కోయకుండా స్టైపెండ్ ఇస్తే ఏప్రిల్, జూన్, సెప్టెంబర్, జనవరి 15 తేదీలకు అంచనా పన్ను మీరే కట్టుకోవాలి. డిగ్రీ చదువులో లేనివారికి ఫెలోషిప్ డబ్బు పన్ను పడే ఆదాయమే. కొన్నిచోట్ల గంటల ఎడ్యుకేటర్లను కాంట్రాక్టర్లుగా చూపి 1099 (కాంట్రాక్టర్ల ఆదాయపు ఫారం) ఇస్తారు. అప్పుడు నికర ఆదాయంపై ఆదాయపు పన్నుకు తోడు 15.3 శాతం స్వయం ఉపాధి పన్ను పడుతుంది. గంటకు 25 డాలర్లన్నది కాంట్రాక్టర్‌కూ ఉద్యోగికీ ఒకే 25 డాలర్లు కాదు.

ఫెడరల్ విద్యా రుణం ఉన్నవారు మరో సంగతి చూసుకోవాలి. ప్రజాసేవ రుణమాఫీకి 501(సి)(3) సంస్థలో (పన్ను మినహాయింపు ఉన్న లాభాపేక్షలేని సంస్థ) వారానికి కనీసం 30 గంటల ఉద్యోగం, 120 వాయిదాలు కావాలి. ఉద్యోగిగా చేరిన ఫెలోకు ఆ ఏడాది లెక్కలోకి వస్తుంది, స్టైపెండ్ తీసుకునేవారికి రాకపోవచ్చు. ఆరోగ్య బీమాకు 26 ఏళ్ల వరకు తల్లిదండ్రుల పాలసీలో ఉండే వీలుంటే గంటల ఉద్యోగంలోని పెద్ద లోటు కొంత తీరుతుంది.

ఎఫ్-1 విద్యార్థి వీసా మీద చదివి ఓపీటీలో (చదువయ్యాక తాత్కాలికంగా పనిచేసే అనుమతి) ఉన్నవారికి లెక్క వేరు. పని వారానికి కనీసం 20 గంటలుండాలి, చదివిన విషయానికి సంబంధించినదై ఉండాలి, నిరుద్యోగ దినాలన్నీ కలిపి 90 దాటకూడదు. మూడు టూర్లు ఈ వారం, ఒకటి వచ్చే వారం అన్నట్టుండే గంటల ఉద్యోగం ఇక్కడ ప్రమాదకరం. స్కూళ్లు మూసే వేసవిలో గంటలు ఇరవైకి దిగువకు జారిపోతాయి. పన్నెండు నెలల ఓపీటీకి పన్నెండు నెలల పూర్తికాలపు ఫెలోషిప్ చక్కగా సరిపోతుంది. అయితే కళాచరిత్ర డిగ్రీలకు సాధారణంగా స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) డిగ్రీలకిచ్చే ఓపీటీ పొడిగింపు ఉండదు కాబట్టి, ఆ తర్వాతి దారి మొదటి నెలలోనే ఆలోచించాలి.

ఫెలో చేతికి రావాల్సినది బడ్జెట్

పదిహేను మంది, ముప్ఫై వారాలు, వారానికి రెండున్నర గంటల సెషన్ అనుకుని మాదిరి లెక్క వేద్దాం. పిల్లలకు భృతిగా గంటకు 15 డాలర్ల చొప్పున 16,875 డాలర్లు. రానూపోనూ రవాణాకు 6 డాలర్ల చొప్పున 2,700. తిండికి మనిషికి 5 డాలర్ల చొప్పున 2,250. అతిథి కళాకారులు, సామగ్రి, టీన్ నైట్ వీటికి అదనం. పిల్లలకిచ్చే డబ్బే ఇందులో అన్నిటికన్నా పెద్దది, కోత పెట్టాల్సి వస్తే కళ్లు పడేదీ దానిమీదే. దాన్ని తగ్గించి సామగ్రి కొన్న ఏడాది, పని చేసుకుంటే తప్ప గడవని ఇళ్ల పిల్లలు ముందుగా మానేస్తారు. ఈ లెక్కను ఏడాదంతా దగ్గరుండి చూసినవారికే తర్వాత గ్రాంటు దరఖాస్తు రాయడం వస్తుంది. గంటల ఎడ్యుకేటర్‌కు ఆ కాగితం కనిపించే అవకాశం చాలా తక్కువ.

పిల్లలను ఉద్యోగులుగా తీసుకుంటే 14, 15 ఏళ్లవారికి ఫెడరల్ పరిమితులున్నాయి: స్కూలున్న రోజు మూడు గంటలు, ఆ వారం మొత్తం 18 గంటలు, సాయంత్రం ఏడు దాటకూడదు, జూన్ 1 నుంచి లేబర్ డే (సెప్టెంబర్ మొదటి సోమవారం) దాకా మాత్రం తొమ్మిది వరకు వీలుంది. రాష్ట్ర చట్టం ఇంకా కఠినంగా ఉండొచ్చు. రాత్రి తొమ్మిదింటికి ముగిసే టీన్ నైట్‌కు పదిహేనేళ్ల పిల్లలను డ్యూటీ వేస్తే ఏమవుతుందో హెచ్ఆర్‌ను ముందే అడిగి ఉంచుకోవాలి.

టీన్ నైట్ ఎక్కువగా చెడేది కాగితాల దగ్గరే. అతిథి కళాకారుల డబ్ల్యూ-9 (చెల్లింపుకు ముందు పన్ను వివరాలిచ్చే ఫారం), ఒప్పందం, బీమా పత్రం ఎనిమిది వారాల ముందే చేతికి రాకపోతే చెల్లింపు ఆలస్యమై వాళ్ల నమ్మకం పోతుంది. ఆరు వారాల ముందు సెక్యూరిటీకి, కలెక్షన్ విభాగానికి ఫ్లోర్ ప్లాన్ ఇవ్వాలి. తిండి లాబీ దాటి రాకూడదు, గ్యాలరీలో పెన్సిల్ తప్ప పెన్నూ రంగూ ఉండకూడదు, వీపు సంచులు చెక్‌రూమ్‌లో పెట్టాలి, స్పీకర్ల కంపనం కళాకృతుల గోడలకు తగలకూడదు. పిల్లలు మూడు నెలలు కలగన్న ఆలోచనను చివరి వారంలో ‘అనుమతి లేదు’ అని కొట్టేస్తే ఆ దెబ్బ మామూలుది కాదు. ఏది కుదురుతుందో, ఏది కుదరదో మొదటి సమావేశంలోనే వాళ్ల ముందు పెట్టడం మర్యాద.

ఫెలోషిప్‌లోని అసలు లోపం

నష్టం పిల్లల వైపు నుంచి చూస్తే తెలుస్తుంది. రెండేళ్లు, మూడేళ్లు కౌన్సిల్‌లో ఉండే అమ్మాయికి ప్రతి ఏడాదీ కొత్త ముఖం. మనసు విప్పి మాట్లాడిన మనిషి జూన్‌లో వెళ్లిపోతారు. కాబట్టి ఫెలో పక్కన ఏళ్ల తరబడి ఉండే శాశ్వత ఉద్యోగి ఒకరు లేని చోట చేరమని మేం చెప్పలేం. రెండు వారాల అప్పగింత, పాత ఫెలో కొత్త ఫెలోను పిల్లలకు స్వయంగా పరిచయం చేయడం, ఎవరికి ఏ అలర్జీ, ఎవరు ఏ బస్సు ఎక్కాలి అన్న వివరాలతో కూడిన పత్రం ఇవన్నీ ఉంటే ఆ గాయం కొంత మానుతుంది.

వయసు ఇంకో చిక్కు. ఇరవై రెండేళ్ల ఫెలోకు, పదిహేడేళ్ల టీన్‌కు తేడా అయిదేళ్లే. ఆ దగ్గరతనం వల్లే పిల్లలు త్వరగా కలుస్తారు, హద్దులు చెరిగేదీ దానివల్లే. సొంత ఫోన్ నంబరు, సొంత ఇన్‌స్టాగ్రామ్ ఇవ్వకూడదు. ప్రోగ్రామ్ ఖాతానే వాడాలి, అందులో ఇద్దరు పెద్దలుండాలి. గదిలో ఒక్క పిల్లతో ఒక్కరే ఉండకూడదు. ఇంట్లో హింస గురించి ఎవరైనా చెప్పబోతే ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వకూడదు, ఎందుకంటే చాలా రాష్ట్రాల్లో ఇలాంటి పనిలో ఉన్నవారు అధికారులకు తెలియజేయాల్సి రావచ్చు. ఈ శిక్షణ మొదటి వారంలో ఇవ్వని మ్యూజియం ఫెలోను, పిల్లలను ఇద్దరినీ ఇబ్బందిలో పెడుతోందన్నమాట.

మాస్టర్స్ గురించి క్లుప్తంగా చెప్పొచ్చు. స్కూల్ టీచర్ సర్టిఫికేషన్ కూడా కావాలన్నా, నలభై ఏళ్లొచ్చేసరికి విద్యా విభాగం నడపాలన్నా అది పనికొస్తుంది. కానీ తొలి ఉద్యోగం కోసమే అప్పు చేసి చదివితే, ఆ జీతాలతో అది తీరడం కష్టం. ఫెలోషిప్‌లో ఏడాది గడిపితే పిల్లలతో సాయంత్రాలు గడపడం మీ ఒంటికి పడుతుందో లేదో కూడా తెలుస్తుంది.

ఇంటర్వ్యూలో ఈ ప్రశ్నలు అడగండి: పోయిన ముగ్గురు ఫెలోలు ఇప్పుడు ఏం చేస్తున్నారు, వాళ్లలో ఒకరితో మాట్లాడొచ్చా? టీన్స్ ఎంపికలో నా ఓటు ఉంటుందా? బడ్జెట్ షీట్ నాకు కనిపిస్తుందా? సెషన్ రోజు రెండో పెద్ద మనిషి ఎవరు? నన్ను ఎంపిక చేసే కమిటీలో టీన్స్ ఉన్నారా? చివరి ప్రశ్నకు ‘ఉన్నారు’ అని జవాబొస్తే ఆ మ్యూజియం పిల్లల మాటకు విలువిస్తోందనుకోవచ్చు. పాత ఫెలో నంబరు ఇవ్వడానికి తటపటాయిస్తే, అదే ఊళ్లో గంటల ఉద్యోగానికి కూడా దరఖాస్తు పెట్టి ఉంచుకోండి.