చింక్వె తెర్రెలో ఒక్క నడకకే టైముంటే ఏది?

ఇటలీలో చింక్వె తెర్రె అంటే సముద్రం ఒడ్డున కొండలకు అతుక్కుని ఉండే 5 ఊళ్లు, 1997 నుంచి యునెస్కో జాబితాలో ఉన్నాయి. ఊరి నుంచి ఊరికి నడిచే దారుల్లో ఎక్కువమంది తేల్చుకోలేనివి రెండు.

రియోమజ్జోరే–మనరోలా మధ్య వియా దెల్లామోరే, అంటే ప్రేమ బాట, పట్టుమని కిలోమీటరు కూడా ఉండదు. చదునుగా, రెయిలింగుతో, పిల్లలూ పెద్దవాళ్లూ హాయిగా నడిచేలా ఉంటుంది. 2012లో కొండరాళ్లు పడి మూసేశారు, మళ్లీ 2024లో తెరిచారు. టైమ్ స్లాట్ ముందే బుక్ చేసుకోవాలి. బాగుంటుంది కానీ నడక మొదలైందనుకునేలోపే అయిపోతుంది.

మాంటెరోసో–వెర్నాజ్జా దారి వేరే లెక్క. మూడున్నర కిలోమీటర్లే అయినా రెండు గంటలు పడుతుంది, ఎందుకంటే మొదట్లోనే మోకాళ్లు పట్టేసే రాతిమెట్లు, ఆ తర్వాత ద్రాక్షతోటల గట్ల మీద ఎదురొచ్చేవాళ్ల కోసం గోడకి ఆనుకుని ఆగాల్సినంత సన్నటి బాట. ఆ గోడల్లో సిమెంటు ఉండదు, రాయి మీద రాయి పేర్చి కట్టినవే. చెప్పులతో వెళ్లొద్దు, బూట్లు వేసుకోండి. చివర్లో మలుపు తిరగ్గానే కింద వెర్నాజ్జా రేవు, కోట బురుజు ఒక్కసారిగా కనిపిస్తాయి.

మోకాళ్లు సహకరిస్తే నా ఓటు దీనికే, అదీ మాంటెరోసో వైపు నుంచే, లేకపోతే ఆ దృశ్యం వీపు వెనక ఉండిపోతుంది.