‘ఏలియన్’ తెర వెనుక కథ: బరువైన పుస్తకం

1979లో విడుదలైన అంతరిక్ష భయానక చిత్రం ‘ఏలియన్’ ఎలా తయారైందో వివరిస్తూ జె. డబ్ల్యూ. రింజ్లర్ రాసిన ఈ పుస్తకాన్ని టైటన్ బుక్స్ 2019లో ప్రచురించింది. ఒళ్లో పెట్టుకుని చదవడం కష్టం, బల్ల ఉండాల్సిందే. స్టూడియో బేరసారాల వివరాలు నాకు కొంత సాగదీతగా తోచాయి గానీ, షెపర్టన్ స్టూడియోలో జరిగిన చిత్రీకరణ దగ్గరికి వచ్చేసరికి పుస్తకం పక్కన పెట్టబుద్ధి కాదు. నటుడు జాన్ హర్ట్ ఛాతీని చీల్చుకుని గ్రహాంతర జీవి బయటికి వచ్చే సన్నివేశం కోసం కృత్రిమ ఛాతీలో కసాయి దుకాణపు మాంసం, పేగులు కూర్చారు. నెత్తురు తన మీదకు అంతగా చిమ్ముతుందని ఎరగని నటి వెరోనికా కార్ట్‌రైట్ ముఖంలోని బెదురు అందుకే నటనలా అనిపించదు. వ్యోమనౌక భారీగా కనిపించడానికి దర్శకుడు రిడ్లీ స్కాట్ తన పిల్లలకే చిన్న స్పేస్‌సూట్లు తొడిగి నడిపించాడన్న ముచ్చట మాత్రం, భయపెట్టే సినిమా గురించి చదువుతూ కూడా నన్ను నవ్వించింది.